ఫ్లాట్‌లో నా డబ్బుంది, నా పేరు లేదు

ప్రశ్న:

నమస్తే మేడమ్. నాకు 41 ఏళ్లు. మాది తణుకు దగ్గర ఊరు. 2011లో పెళ్లయింది, అప్పటి నుంచి హైదరాబాద్‌లోనే ఉంటున్నాం. ఆయన సాఫ్ట్‌వేర్. నేను ఇంజినీరింగ్ కాలేజీలో పాఠాలు చెప్తాను. పన్నెండేళ్ల పాప, ఎనిమిదేళ్ల బాబు. పెళ్లప్పుడు నాన్న పసుపు కుంకుమ కింద 40 సెంట్ల పొలం నా పేరున రిజిస్టర్ చేయించారు. 2016లో మియాపూర్‌లో ఫ్లాట్ కొన్నప్పుడు ఆ పొలం అమ్మి 18 లక్షలు అందులో పెట్టాం. ఫ్లాట్ మొత్తం 62 లక్షలు. 40 లక్షలు బ్యాంకు లోను, అది ఇద్దరి పేర్ల మీదా ఉంది. మిగతా 4 లక్షలు ఆయన దాచుకున్నవి. కిస్తీ కోసం ప్రతి నెలా నా జీతంలోంచి 18 వేలు ఆయన ఖాతాకి వేస్తున్నాను. రిజిస్ట్రేషన్ మాత్రం ఆయన ఒక్కరి పేరునే అయింది. ఆ రోజు కాలేజీలో పరీక్షలు, నాకు సెలవు దొరకలేదు. ‘తర్వాత చేర్చుకోవచ్చులే’ అన్నారు. నా నగలు దాదాపు 35 కాసులు భీమవరంలో అత్తయ్యగారి లాకర్లో ఉన్నాయి.

పోయిన నెల ఆయన, ఫ్లాట్ మీద ఇంకో లోను తీసి తమ్ముడి వ్యాపారానికి ఇస్తున్నాం అన్నారు. అడగలేదు మేడమ్, చెప్పారు. అప్పటి నుంచి నిద్ర పట్టడం లేదు. డాలస్‌లో ఉండే మా అక్క ‘మొగుడి ఆస్తిలో సగం నీదే, ఎందుకంత టెన్షన్’ అంటోంది. నిజమేనా? ఆయన చెడ్డవారు కాదు. విడాకుల ఆలోచన నాకు లేదు. అసలిలా అడగడమే తప్పేమో అనిపిస్తోంది. నా పేరు వేయకండి.

జవాబు:

అమ్మా,

ఉత్తరం చివర్లో మీరు రాసిన మాటకే ముందు జవాబు చెప్తాను. ఇలా అడగడం తప్పు కాదు. 18 లక్షలు ఇచ్చిన మనిషి ఆ డబ్బు ఏ రూపంలో ఉందో, ఎవరి పేరున ఉందో తెలుసుకోవాలనుకోవడంలో తప్పేముంది? అదే డబ్బు మీ మరిది మీ ఆయనకి ఇచ్చి ఉంటే ఏదో ఒక కాగితం రాసుకునేవారు. దాన్ని అనుమానం అని ఎవరూ అనేవారు కాదు. భార్య అడిగేసరికి మాత్రం అది నమ్మకం లేకపోవడం కిందికి వస్తుంది. కోర్టులో ఇన్నేళ్లుగా చూస్తున్నాను. మీలా భయపడి అడగకుండా ఉండిపోయిన వాళ్లే ఎక్కువమంది, అడిగి చెడిపోయిన వాళ్లు తక్కువ.

ఇక మీ అక్కగారి మాట. ఆవిడ ఉండే చోటికి అది చాలావరకు సరిపోతుంది, మీకు సరిపోదు. టెక్సాస్, కాలిఫోర్నియా లాంటి కొన్ని అమెరికా రాష్ట్రాల్లో పెళ్లయ్యాక భార్యాభర్తల్లో ఎవరు సంపాదించినా అది ఇద్దరి ఉమ్మడి ఆస్తి కిందే లెక్క. విడిపోతే కాలిఫోర్నియాలో సగం సగం పంచుతారు. టెక్సాస్‌లో అయితే జడ్జి తనకు న్యాయమనిపించినట్టు పంచుతారు కాబట్టి అక్కడ కూడా సగం ఖాయమని చెప్పలేం. మన దేశంలో గోవాలో ఇలాంటి పద్ధతి ఉంది. పోర్చుగీసు వాళ్ల నాటి సివిల్ కోడ్ అక్కడ ఇంకా నడుస్తోంది. పెళ్లికి ముందు వేరే ఒప్పందం రాసుకోకపోతే ఆస్తి ఇద్దరిదీ, ఇల్లు అమ్మాలంటే ఇద్దరి సంతకాలూ కావాలి.

తెలంగాణలోనూ ఆంధ్రప్రదేశ్‌లోనూ అలా లేదు. పెళ్లి జరిగినంత మాత్రాన ఇద్దరి ఆస్తులూ కలిసిపోవు. ఆయన పేరున ఉన్నది ఆయనది, మీ పేరున ఉన్నది మీది. పెళ్లి పీటల మీద అర్ధాంగి అంటాం గానీ, సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో ఆ మాటకి విలువ లేదు. భర్త బతికి ఉండగా ఆయన ఆస్తిలో భార్యకి వాటా అంటూ ఏదీ లేదు. విడాకులప్పుడు భర్త స్థిరాస్తిలోంచి భార్యకి కొంత ఇప్పించాలని ఒక బిల్లు 2013లో రాజ్యసభ దాకా వెళ్లి అక్కడ గట్టెక్కింది కూడా. లోక్‌సభలో మాత్రం నెగ్గలేదు. అది చట్టమై ఉంటే ఈ జవాబు వేరేగా రాసేదాన్ని.

2023 జూన్‌లో మద్రాసు హైకోర్టు ఒక మంచి తీర్పు ఇచ్చింది. భర్త గల్ఫ్‌లో సంపాదించి పంపిస్తే ఇక్కడ ఇల్లూ పిల్లలూ చూసుకున్న ఇల్లాలి కథ అది. ఆమె చాకిరీ కూడా ఆస్తి కొనడానికి తోడ్పడినట్టేనని, అందులో ఆమెకి సమాన వాటా ఉందని కోర్టు చెప్పింది. మన హైకోర్టుల్లో ఆ తీర్పుని చూపించి వాదించుకోవచ్చు, కానీ ఇక్కడి జడ్జీలు దాన్ని పాటించి తీరాలని లేదు. అందుకని దాని మీద ఆశ పెట్టుకుని కూర్చోమని నేను చెప్పను.

ఇప్పుడు ఫ్లాట్ దగ్గరికి వద్దాం. మీ ఉత్తరంలో నన్ను ఎక్కువ కలవరపెట్టింది అదే.

బ్యాంకు కాగితాల్లో మీరు సహ రుణగ్రహీత. చాలామంది ఆడవాళ్లు, మగవాళ్లు కూడా, లోనులో పేరుంటే ఇంట్లో పేరున్నట్టే అనుకుంటారు. కాదమ్మా. లోనులో పేరుంటే అప్పు తీర్చే బాధ్యత ఉంటుంది, అంతే. అది కూడా సగం కాదు, మొత్తం అప్పుకి మీరూ బాధ్యులే. రేపు ఆయన ఉద్యోగం పోయి కిస్తీలు ఆగితే బ్యాంకు నేరుగా మీ జీతం కోసం రావచ్చు. ఇంటి మీద హక్కు చెప్పేది సేల్ డీడ్. అందులో మీ పేరు లేదు. అంటే ఇవాళ్టికి అప్పు పూర్తిగా మీ మీద ఉంది, ఇల్లు కొంచెం కూడా మీ పేరున లేదు.

అలాగని మీ 18 లక్షలు నీళ్లలో కలిసినట్టేమీ కాదు. ఒకరి డబ్బుతో ఇంకొకరి పేరున ఆస్తి కొంటే బినామీ చట్టం అడ్డొస్తుంది. కానీ భార్య లేదా భర్త పేరున, లెక్క చూపించగల సొంత డబ్బుతో కొన్నదాన్ని ఆ చట్టం బినామీ అనదు. కాబట్టి ‘ఇందులో నా డబ్బుంది, ఆ మేరకు నాకు హక్కుంది’ అని సివిల్ కోర్టులో దావా వేసే దారి మీకుంది. మీ కేసులో బలం కూడా ఉంది. మీ నాన్నగారు నోటి మాటతో వదిలేయకుండా పొలం రిజిస్టర్ చేయించారు. ఆయనకి నా నమస్కారం చెప్పండి. పసుపు కుంకుమ కింద ఇచ్చామని నలుగురిలో చెప్పి, కౌలు డబ్బులు కూతురికి పంపిస్తూ, కాగితం మాత్రం రాయని తండ్రులు మన జిల్లాల్లో ఎంతమందో. స్థిరాస్తి దానం చేయాలంటే ఇద్దరు సాక్షులతో రిజిస్టర్ దస్తావేజు ఉండాలని ఆస్తి బదిలీ చట్టం 123వ సెక్షన్ చెప్తోంది. తండ్రి పోయాక అన్నదమ్ములు కాదంటే ఆ కూతుళ్ల పరిస్థితి చాలా కష్టం. మీకు ఆ బెంగ లేదు. పొలం మీది, అమ్మగా వచ్చిన డబ్బూ మీదే.

కానీ దావా అంటే ఏమిటో కూడా చెప్పాలి కదా. ఆస్తి విలువని బట్టి కోర్టు ఫీజు కట్టాలి. ఏళ్లు పడుతుంది. మొగుడి మీద సాక్ష్యం చెప్పాలి, అత్తగారి మీద చెప్పాలి. వాళ్ల లాయరు లేచి ‘ఆ 18 లక్షలు మీరు ప్రేమతో మీ భర్తకి ఇచ్చిన బహుమతి కదా’ అని అడుగుతాడు. నెలనెలా వేసే 18 వేలని ‘ఇంటి ఖర్చులకి’ అంటాడు. ఇంకొకటి, మీకు హక్కు లేదని ఆయన తెగేసి చెప్పిన రోజు నుంచి మూడేళ్లలోపు దావా వేసుకోవాలి. విడాకులు వద్దనుకునే మనిషికి ఇది దారి కాదు. ఈ దారి ఉందని తెలిస్తే మాట్లాడేటప్పుడు గొంతు వణక్కుండా ఉంటుందని చెప్తున్నాను.

మీకు కావాల్సింది దావా కాదు, దస్తావేజు. ఆయన ఇప్పుడే ఆ ఫ్లాట్‌లో సగం మీ పేరున దాన సెటిల్‌మెంట్ రాసి రిజిస్టర్ చేయించవచ్చు. భార్యకి రాసే సెటిల్‌మెంట్‌కి స్టాంపు డ్యూటీ మామూలు అమ్మకం కన్నా తక్కువే. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో ఈ రోజు రేటు ఎంతో కనుక్కోండి. లోను ఇంకా నడుస్తోంది కాబట్టి ఒరిజినల్ కాగితాలు బ్యాంకు దగ్గరే ఉంటాయి, తమకి అభ్యంతరం లేదని వాళ్లు ఇచ్చే కాగితం (ఎన్‌వోసీ) తీసుకోవాలి. మీరు ఎలాగూ లోనులో ఉన్నారు గనక బ్యాంకు అభ్యంతరం చెప్పడానికి పెద్ద కారణం ఉండదు. తిప్పుతారు, రెండు మూడుసార్లు వెళ్లాల్సి వస్తుంది, ఓపిక పట్టండి. రిజిస్ట్రేషన్ అయ్యాక ఈసీ, అంటే ఆ ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్లన్నీ చూపించే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్, తీసి అందులో మీ పేరు పడిందో లేదో మీ కళ్లతో చూసుకోండి. ఆస్తి పన్ను రికార్డులోనూ మార్పించండి.

ఆయనకి ఇది ఎలా చెప్పాలన్నది మీ అసలు బెంగ అని నాకు తెలుసు. మీరు వాడుకోదగ్గ మాటలు రెండు ఉన్నాయి. ఒకటి ఇన్‌కమ్ ట్యాక్స్. ఇంట్లో వాటా లేని సహ రుణగ్రహీతకి ఇంటి లోను వడ్డీ మీద మినహాయింపు రాదు. పాత పన్ను విధానంలో ఉన్న దంపతులు ఇద్దరూ యజమానులై ఇద్దరూ కిస్తీ కడుతుంటే, సొంతానికి ఉంటున్న ఇంటికి ఎవరికి వారు ఏడాదికి 2 లక్షల వరకు వడ్డీ చూపించుకోవచ్చు. ఈ పదేళ్లూ మీరు కట్టిన వడ్డీకి మీకు ఆ అవకాశమే లేకపోయింది. మీరు ఇప్పటికే రిటర్నుల్లో చూపిస్తూ ఉంటే మాత్రం వెంటనే ఆడిటర్‌ని కలవండి, అది ఇబ్బంది తెస్తుంది.

రెండోది పిల్లలు. ఇది కూర్చుని కాగితం మీద లెక్క వేసి చూపించండి. దేవుడి దయ వల్ల ఆయన నూరేళ్లు ఉండాలి. కానీ వీలునామా లేకుండా ఆయనకి ఏదైనా అయితే, హిందూ వారసత్వ చట్టం ప్రకారం మొదటి వరుస వారసులు మీరు, పాప, బాబు, అత్తగారు. నలుగురికీ సమాన వాటాలు. అంటే సొంతంగా 18 లక్షలు పెట్టి, పదేళ్లు కిస్తీ కట్టిన ఇంట్లో కాగితం ప్రకారం మీకు వచ్చేది పావు వంతు. పిల్లల వాటాలు మైనర్ల ఆస్తి. కోర్టు అనుమతి లేకుండా తల్లి కూడా అమ్మలేదు. అత్తగారి పావు వంతు ఆవిడ తర్వాత మీ మరిదికీ మీ పిల్లలకీ వెళ్తుంది. పిల్లల చదువుకి ఇల్లు అమ్మాల్సి వస్తే ఎన్ని సంతకాలు, ఎన్ని కోర్టు కాగితాలు కావాలో ఆయనకి చూపించండి. సగం మీ పేరున ఉంటే ఆ సగానికి ఈ తంటా ఏదీ లేదు. నా దగ్గరికి వచ్చిన మగవాళ్లలో, భార్య హక్కు అన్నప్పుడు మొహం తిప్పుకున్న వాళ్లు కూడా ఈ లెక్క చూశాక మెత్తబడ్డారు. మీరు హిందూ వారసత్వ చట్టం కిందికి వస్తారనుకుని ఇది రాశాను. ఇదే చదివే క్రైస్తవ చెల్లెళ్లకి పిల్లలుంటే మూడో వంతు, ముస్లిం చెల్లెళ్లకి ఎనిమిదో వంతు, వాళ్ల లెక్కలు వేరు.

సెటిల్‌మెంట్‌కి ఆయన టైమ్ అడిగితే కనీసం వీలునామా రాయమనండి. తెల్ల కాగితం మీద రాసినా చెల్లుతుంది, ఇద్దరు సాక్షులు ఎదురుగా ఉండి సంతకం చేయాలి, రిజిస్టర్ చేయిస్తే ఇంకా మంచిది. అయితే వీలునామాని ఎప్పుడైనా మార్చుకోవచ్చు. అది సెటిల్‌మెంట్‌కి సమానం కాదు.

ఇక మీ మరిది వ్యాపారం. టైటిల్ ఆయన ఒక్కరిదే కాబట్టి, పాత లోను తీరిపోయాక ఆ ఫ్లాట్‌ని తాకట్టు పెట్టాలన్నా అమ్మాలన్నా చట్టప్రకారం మీ సంతకం అక్కర్లేదు. ఇప్పుడు మాత్రం లోను మీ ఇద్దరి పేర్లా నడుస్తోంది. దాని మీదే ఇంకా డబ్బు తీసుకోవాలంటే బ్యాంకు మీ సంతకం అడుగుతుంది. కొత్త లోను అయినా మీ జీతం చూపించాలంటే మిమ్మల్ని కూర్చోబెట్టాల్సిందే. మీ చేతిలో ఉన్న బలం ఇదొక్కటే, దీన్ని ఊరికే పోనివ్వకండి. మరిదికి సాయం చేయొద్దని నేను చెప్పను, అది మీ ఇంటి విషయం. కానీ సంతకం పెట్టే ముందు సగం ఇల్లు మీ పేరున రిజిస్టర్ కావాలనండి. మరిది దగ్గర ప్రామిసరీ నోటు రాయించుకోవాలనండి. కోపంగా కాదు, నెమ్మదిగానే చెప్పండి. అర్ధరాత్రి పక్క మీద కాదు, ఆదివారం పొద్దున టీ తాగాక, కాగితాలు ముందు పెట్టుకుని. బ్యాంకు వాళ్లు పెన్సిల్‌తో టిక్కులు పెట్టి ‘ఇక్కడ, ఇక్కడ’ అని చూపించే చోట చదవకుండా సంతకాలు చేయొద్దు. లెక్చరర్లు, డాక్టర్లు కూడా అలా చేసేసి తర్వాత నా దగ్గరికి వచ్చారు.

మీ ఆయన కొత్తగా టర్మ్ పాలసీ (జీవిత బీమా) తీసుకుంటుంటే, 1874 నాటి వివాహిత స్త్రీల ఆస్తి చట్టం కింద తీసుకోమనండి. ప్రపోజల్ ఫారంతో పాటు ఒక చిన్న అనుబంధం నింపితే చాలు. ఆ డబ్బు మీకూ పిల్లలకీ తప్ప అప్పులవాళ్లకి చేరదు. వ్యాపారం కోసం అప్పు చేసే ఇంట్లో ఇది తప్పనిసరి అంటాను. నామినీ విషయం కూడా చూసుకోండి. బ్యాంకు డిపాజిట్లలో నామినీ అంటే డబ్బు అందుకునే మనిషే, సొంతదారు కాదు, వారసులు వచ్చి అడగొచ్చు. జీవిత బీమాలో 2015 సవరణ తర్వాత భార్య, పిల్లలు, తల్లిదండ్రులు నామినీలైతే ఆ డబ్బు వాళ్లదే. పెళ్లికి ముందు తీసుకున్న పాలసీల్లో నామినీగా ఇంకా అమ్మానాన్నల పేర్లే ఉంటాయి. మీవీ ఆయనవీ రెండూ ఒకసారి తీసి చూడండి.

నగల సంగతి. ఇక్కడ చట్టం పూర్తిగా మీ పక్షాన ఉంది. పెళ్లికి ముందు, పెళ్లిలో, తర్వాత మీకు వచ్చిన నగలూ డబ్బూ వస్తువులూ, పుట్టింటివాళ్లు పెట్టినా అత్తింటివాళ్లు పెట్టినా, స్త్రీధనం. అది మీ సొంతం. భర్తకి అందులో భాగం లేదు, అత్తగారికి లేదు. 1985లోనే సుప్రీంకోర్టు చెప్పింది, స్త్రీధనం భార్యాభర్తల ఉమ్మడి ఆస్తి కాదని, భర్త దగ్గర ఉంటే అది నమ్మి అప్పగించినట్టేనని, తిరిగి ఇవ్వకపోతే నేరమని. 2024 ఏప్రిల్‌లో కేరళ నుంచి వచ్చిన కేసు అచ్చం మీ లాకరు లాంటిదే. పెళ్లైన మొదటి రాత్రే భర్త ఆమె నగలన్నీ తీసుకుని, భద్రంగా ఉంటాయని తన తల్లికి ఇచ్చాడు. 89 సవర్లు. పాత అప్పులకి అవి కరిగిపోయాయి. కష్టంలో భార్య నగలు వాడుకోవచ్చు గానీ తిరిగి చేయించి ఇచ్చే బాధ్యత భర్తదే అని చెప్పి, కోర్టు ఆమెకి 25 లక్షలు ఇప్పించింది. బాగుంది. కానీ పెళ్లి జరిగింది 2003లో. ఆ డబ్బు చేతికొచ్చేసరికి ఆమె వయసు 50.

అదే ఏడాది ఆగస్టులో తెలంగాణ నుంచి వెళ్లిన ఇంకో కేసులో, విడాకులైన కూతురి స్త్రీధనం ఇప్పించమని తండ్రి కేసు పెడితే సుప్రీంకోర్టు కొట్టేసింది. కూతురు అధికారం ఇవ్వకుండా తండ్రి అడగడానికి వీల్లేదంది. అంటే ఆ నగల మీద మాట్లాడే హక్కు మీ ఒక్కరిదే. మీరు నోరు తెరవకపోతే మీ తరఫున ఇంకెవరూ అడగలేరు.

లాకరు అత్తగారిది కాబట్టి లోపల ఏముందో బ్యాంకుకి తెలియదు. అందులో ఉన్నవి మీవని చూపించడానికి మీ దగ్గర ఏముంది? పోయిన ఏడాది ఒకామె నా ఎదురుగా కూర్చుని పెళ్లి ఆల్బం తెరిచింది. మూడు గంటలు పట్టింది. ఒక్కో ఫొటోలో వేలు పెట్టి, ఇది అమ్మమ్మ కాసులపేరు, ఇది వడ్డాణం, ఈ వంకీలు పెద్దమ్మ పెట్టింది అంటూ చెప్తూ పోయింది. నేను రాసుకుంటూ పోయాను. చంద్రహారం దగ్గర ఆగిపోయింది. అది తర్వాత మార్పిడిలో ఇచ్చేసి కొత్త మోడల్ తెచ్చారట, కొత్త బిల్లు అత్తగారి పేరున రాయించారట. పాత బంగారం ఇచ్చి కొత్తది తెచ్చుకునే చోట ఇలా జరుగుతూనే ఉంటుంది. కొట్టువాడు ఎవరి పేరు చెప్తే వాళ్ల పేరున బిల్లు రాస్తాడు, మనం ధ్యాస పెట్టం. మీరూ ఆల్బం తీయండి. నగ పేరు, ఎన్ని కాసులో, ఎవరు పెట్టారో, ఏ ఫొటోలో ఉందో రాయండి. పెళ్లినాటి బిల్లులు మీ అమ్మగారి బీరువాలో ఉంటాయి, అడగండి. మీ పేరున, లేదా మీ దంపతుల పేరున, మియాపూర్‌లో ఒక లాకరు తీసుకోండి. ఈ సంక్రాంతికి ఊరెళ్లినప్పుడు ‘పాప పెద్దదవుతోంది అత్తయ్యా, ఫంక్షన్లకి ప్రతిసారీ భీమవరం నుంచి తేవడం కష్టంగా ఉంది’ అని తెచ్చేసుకోండి. మీ అత్తగారు మంచావిడైతే నవ్వుతూ ఇచ్చేస్తారు. ఇవ్వకపోతే, ఆ సంగతి మీరు ఇప్పుడే తెలుసుకోవడం మంచిది.

ఈ ‘సొంతం’ అన్న మాట ఆడవాళ్లకి ఊరికే రాలేదు. 1956 హిందూ వారసత్వ చట్టం 14వ సెక్షన్ ప్రకారం హిందూ స్త్రీ చేతిలో ఉన్న ఆస్తి పూర్తిగా ఆమెదే, అనుభవించి వెళ్లిపోవడానికి మాత్రమే ఇచ్చింది కాదు. ఆ మాటకి నిజమైన బలం తెచ్చింది మన తెలుగావిడే, తులసమ్మ. 1931లో భర్త పోయాడు. భరణం కోసం 1944లో కోర్టుకి వెళ్తే, మరిది కొంత ఆస్తి బతికున్నంత కాలం అనుభవించమని రాజీలో ఇచ్చాడు. ఆమె దాన్ని అమ్మితే చెల్లదని మళ్లీ కోర్టుకి లాగాడు. అది సుప్రీంకోర్టు దాకా వెళ్లి, 1977లో తీర్పొచ్చింది. ఆ ఆస్తి పూర్తిగా తులసమ్మదే, అమ్ముకునే హక్కుతో సహా. భరణం అడిగిన నాటి నుంచి 33 ఏళ్లు. మీ నాన్నగారి 40 సెంట్లు మీరు ఒక్క సంతకంతో అమ్మగలిగారంటే అందులో ఆ చట్టం, ఆమె పట్టుదల ఉన్నాయి.

మిగతావి క్లుప్తంగా చెప్తాను. మీకు అవసరం రాకూడదనే నా కోరిక. ఎవరి పేరున ఉన్నా, కాపురం చేస్తున్న ఇంట్లోంచి భార్యని బయటికి పంపకూడదని 2005 గృహ హింస చట్టం చెప్తోంది. ఆ చట్టం ప్రకారం హింస అంటే కొట్టడం ఒక్కటే కాదు. మీ స్త్రీధనం లాక్కోవడం, ఇంటి ఆస్తులు మీకు తెలియకుండా అమ్మేయడం కూడా ఆర్థిక హింసే. అలాంటి పరిస్థితి వస్తే ఆ ఇల్లు అమ్మకుండా, తాకట్టు పెట్టకుండా మేజిస్ట్రేట్ ఆపగలరు, నగలు తిరిగి ఇప్పించగలరు. ఉద్యోగం చేస్తున్నారని భరణం రాదనుకోకండి, మీ సంపాదన మీ కాపురం స్థాయికి సరిపోకపోతే అడగొచ్చు. 2020 నుంచి ఇద్దరూ తమ ఆస్తులూ అప్పులూ ఆదాయం ప్రమాణపత్రంలో కోర్టుకి చెప్పాల్సిందేనని సుప్రీంకోర్టు నియమం పెట్టింది కాబట్టి జీతాలు దాచడం ఇదివరకంత తేలిక కాదు.

ఇప్పటి నుంచి ఒక్క అలవాటు మార్చుకోండి. ఆ 18 వేలు ఆయన ఖాతాకి కాకుండా నేరుగా లోను ఖాతాకి వేయండి. ఆన్‌లైన్లో వేసేటప్పుడు కింద ‘ఇంటి కిస్తీ’ అని రాయండి. ఆయనకి తేడా ఉండదు, మీకు మాత్రం ప్రతి నెలా ఒక సాక్ష్యం.

చివరిగా, ఇది అన్నిటికన్నా తొందర. పొలం అమ్మిన దస్తావేజు నకలు ఎప్పుడైనా దొరుకుతుంది, రిజిస్ట్రేషన్ ఆఫీసులో ఉంటుంది. కానీ 2016లో కొన్నవాళ్లు ఇచ్చిన 18 లక్షలు మీ ఖాతాలో పడి, అక్కడి నుంచి బిల్డర్‌కో మీ ఆయనకో వెళ్లినట్టు చూపించే బ్యాంకు స్టేట్‌మెంట్ అలా కాదు. అన్నేళ్ల కిందటివి ఇవ్వలేమని బ్యాంకులు అనడం మామూలే. పాత ఖాతా తణుకులో ఉంటే తణుకే వెళ్లండి. పాస్‌బుక్కు, ఆధార్ తీసుకుని, 2016 సంవత్సరం మొత్తానికి స్టేట్‌మెంట్ కావాలని కాగితం మీద రాసి ఇవ్వండి. బ్యాంకు ముద్రతో తీసుకోండి. వచ్చే శనివారం రెండోదో నాలుగోదో కాకపోతే ఆ రోజే వెళ్లిరండి.